సత్యవేణి బీరువాకి సీలు

నాకు చేతనైన పని ఒక్కటే, ఈల ఊది పిల్లల్ని పరిగెత్తించడం. ఇరవై రెండేళ్లుగా మా మున్సిపల్ హైస్కూల్లో అదే చేస్తున్నాను. పేరు గుబ్బల త్రిమూర్తులు. పేరెవరికీ గుర్తుండదు, డ్రిల్లు మేష్టారంటే చాలు. అలాంటి నన్ను తీసుకొచ్చి పిల్లల బీరువాలు తనిఖీ చేసే ఉద్యోగంలో వేశారు. ఎందుకయ్యా అంటే, మా స్కూలు మొత్తమ్మీద కొలతల టేపున్నది నా ఒక్కడి దగ్గరేనట. అది లాంగ్ జంప్ కొలిచే టేపు. దాంతో చొక్కాల మడతలు కొలవమన్నారు.

సంగతి మొదట్నించీ చెప్తాను. మా శాఖకి పుండరీకాక్షం గారని ఒక ప్రత్యేకాధికారి వచ్చారు. ఆయన ఆమధ్య ఏదో చలిదేశానికి అధ్యయన యాత్రకి వెళ్లి, అక్కడ ఎవరింట్లోనో భోజనం చేసి, చెయ్యి కడుక్కోవడానికి లేచి, స్నానాలగది తలుపనుకుని ఆ ఇంటి పిల్లాడి బీరువా తలుపు తెరిచారట. లోపల చొక్కాలు చొక్కాల్లా, లాగులు లాగుల్లా, మేజోళ్లు జతలు జతలుగా కనిపించేసరికి ఆయనకి కళ్లనీళ్లు తిరిగాయట. చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయారట. ఇంటికొచ్చి ముప్పైనాలుగు పేజీల ఉత్తర్వు రాశారు. పథకం పేరు 'బాల వస్త్ర క్రమ వికాసం'. మొదటి వాక్యమే "నేటి బాలల బీరువాయే రేపటి పరిపాలన" అని. ఆ ఉత్తర్వు మాకు చదివి వినిపించిన ఆఫీసులో మూడు బీరువాలున్నాయి. ఒకదానికి తలుపు లేదు. రెండోదాని తలుపు కొబ్బరితాడుతో కట్టి ఉంది. మూడోదాంట్లో ఏముందో ఎవరికీ తెలీదు, తాళంచెవి తీసుకుని పాత గుమాస్తా రిటైరైపోయాడు.

శిక్షణ మూడు రోజులు పెట్టారు. మడత తొమ్మిదంగుళాలుండాలి. దొంతరకీ దొంతరకీ మధ్య రెండు వేళ్ల ఎడం ఉండాలి. తెలుగు మేష్టారు ఊరుకోకుండా లేచి, "ఎవరి వేళ్లండీ?" అని అడిగాడు. హాల్లో అందరూ ఒకరి వేళ్లు ఒకరు చూసుకున్నాం. ఆ ప్రశ్న పైకి వెళ్లింది. మూడు వారాలకి జవాబొచ్చింది. ప్రత్యేకాధికారి గారి కుడిచేతి రెండు వేళ్ల కొలతకి టేకుచెక్కతో ముక్కలు కోయించి, ముద్ర వేయించి, స్కూలుకొకటి పంపారు. ఆయన వేళ్లు కాస్త బొద్దు. ఉంగరం తీసి కొలిచారా, ఉంచి కొలిచారా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు.

అసలు మెలిక ఉత్తర్వు చివర్లో ఉంది. బీరువాకి నూటికి అరవై మార్కులు రాని పిల్లలకి 'బీరువా పత్రం' ఇవ్వరు. పత్రం లేకపోతే విహారయాత్ర లేదు, ఆటల పోటీలు లేవు. మిగతావాటి సంగతి నాకనవసరం. ఆటల పోటీలనేసరికి మాత్రం ఆ ముక్క మళ్లీ చదివించుకున్నాను. మా స్కూల్లో ఏడో తరగతి సత్యవేణి ఉంది. నాలుగొందల మీటర్లు పరిగెడుతుంది. ఇరవై రెండేళ్లలో నా చేతికి అలాంటి పిల్ల దొరకలేదు. కార్తీకమాసంలో జిల్లా పోటీలు. ఆ పిల్ల వాటికోసం రోజూ పొద్దున్నే వాళ్లమ్మ ఇస్త్రీ బండి బొగ్గులు రాజేసి, ఆ మసి చేతులతోనే గ్రౌండుకి వచ్చేసేది.

ముందు అపార్టుమెంట్లతో మొదలెట్టాను. ఏం చెప్పమంటారు! మన ఇళ్లలో పిల్లల బీరువా అంటే పిల్లలవి తప్ప అన్నీ ఉండే బీరువా. మొదటి ఇంట్లో తలుపు తీస్తే పేరంటాల్లో వచ్చిన జాకెట్టుముక్కలు నలభై రెండు, గృహప్రవేశాల్లో పంచిన స్టీలు డబ్బాలు, వినాయకచవితి పాలవెల్లి, ఒక దోమల బ్యాటు, వాళ్ల నాన్నగారి ఇంటర్మీడియెట్ రికార్డులు. పిల్లాడి బట్టలు కుర్చీ మీదున్నాయి. "ఇవి పిల్లవాడి వస్తువులా అమ్మా?" అని అడిగాను. "జాకెట్టుముక్కలు తీసేస్తే శ్రావణమాసంలో ఎదుటివాళ్లకి ఏం పెట్టమంటారండీ?" అని ఆవిడ నన్నే కోప్పడింది. సున్నా వేశాను. సాయంత్రానికల్లా అపార్టుమెంట్లన్నీ అట్టుడికిపోయాయి.

నెల తిరిగేసరికి సీను మారిపోయింది. ప్రతి బీరువా అద్దంలా తయారైంది. కాకపోతే దాన్ని ముట్టుకునే హక్కు పిల్లలకి పోయింది. ఒకింట్లో నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే లోపల్నుంచి కేక వినిపించింది. "ఒరేయ్, ఆ చొక్కా తియ్యకురా! మేష్టారు చూసెళ్లేదాకా నిన్నటిదే వేసుకో!" బీరువా బట్టలు బీరువాకి, పిల్లలు కట్టుకునే బట్టలు వేరు. అవి మంచం కింద గోతాల్లో ఉండేవి. మంచం కింద చూడమని ఉత్తర్వులో లేదు గనక నేను చూడలేదు. అందరికీ తొంభై పైనే వేశాను. పుండరీకాక్షం గారు పొంగిపోయి, జిల్లాలో బాలల వ్యక్తిత్వం నెలలో ముప్పైరెండు శాతం పెరిగిందని పైకి రాశారు.

ఈ అద్దంలాంటి బీరువాలన్నీ సర్దింది ఎవరనుకున్నారు? సత్యవేణి వాళ్లమ్మ కాసులమ్మ. ఊళ్లో తొమ్మిదంగుళాల మడత చేత్తో పడేది ఆవిడ ఒక్కదానికే. టేపక్కర్లేదు. బట్ట గాల్లో ఒక్కసారి విదిల్చి కింద పెడితే తొమ్మిదంగుళాలు. చెక్కముక్క రాకముందే ఆవిడ దొంతరల మధ్య రెండు వేళ్ల ఎడం ఉండేది. అపార్టుమెంట్ల ఆడాళ్లు ఆవిణ్ని వంతులేసుకుని పిలుచుకుపోయేవారు.

ఆఖరికి నేను కాసులమ్మ ఇంటికి తనిఖీకి వెళ్లాల్సి వచ్చింది. ఇల్లంటే ఒక్క గది, ముందు చిన్న అరుగు. గదిలో ఒక మంచం, ఒక రేకుపెట్టె, అడ్డంగా కట్టిన దండెం. దండెం మీద సత్యవేణి స్కూలు బట్టలు, రెండు గౌన్లు. గోడకి మేకు. మేకుకి పరిగెత్తే బూట్లు లేసులు కట్టి వేలాడుతున్నాయి. ఆ బూట్లు ముందటేడు పదో తరగతి పిల్ల వదిలేసి వెళ్లినవి. ముందువైపు కాగితాలు కుక్కుకుని వేసుకునేది సత్యవేణి.

ఫారం తీశాను. 'బాలిక పడకగది: ఉన్నది, లేదు.' లేదు అని టిక్కు పెట్టాను. 'బీరువా: ఉన్నది, లేదు.' అక్కడా అంతే. ఆ తర్వాత ముప్పై ఆరు గళ్లు ఖాళీ.

"ఊరందరికీ తొంభై పైనే తెప్పించేవు. నీ కూతురికి సున్నా వచ్చిందమ్మా కాసులమ్మా," అన్నాను.

"మాకు బీరువా ఎందుకండీ మేష్టారూ? ఉన్నయ్యి మూడు జతలు. ఒకటి ఒంటిమీద, ఒకటి దండెం మీద, ఒకటి తడుపులో," అంది కాసులమ్మ.

సత్యవేణి మాత్రం ఫారం వంకే చూస్తోంది. "మరి నన్ను పరిగెత్తనివ్వరాండీ?" అంది.

నేను పుండరీకాక్షం గారి దగ్గరికి వెళ్లి విన్నవించుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. "మేష్టారూ, పరుగు అనేది కేవలం కాళ్లకు సంబంధించిన అంశం కాదు. అది మూర్తిమత్వానికి సంబంధించిన అంశం. బీరువా లేని బాలిక పరిగెత్తినచో ఎక్కడికి పరిగెత్తునో శాఖకు తెలియదు."

"గీతవరకే పరిగెడుతుందండీ. గీత నేనే వేస్తాను."

"గీతలు మీరు వేయుదురు. దిశానిర్దేశం మేము చేయుదుము," అన్నారాయన. అయినా మంచి మనిషే. నా మొహం చూసి జాలిపడి, నిరుపేద బాలలకు ఉచిత బీరువాల పథకం కింద సత్యవేణి పేరు రాయించారు.

బీరువా వచ్చింది. ఆరున్నర అడుగుల ఇనప బీరువా. గుమ్మంలోంచి పట్టలేదు. గుమ్మం పక్క గోడ రెండు ఇటుకలు కొట్టి లోపలికి తోశారు. బీరువా లోపలికి వెళ్లాక దాని తలుపు తెరుచుకోవాలంటే మంచం అడ్డం. మంచం తీసి అరుగు మీద వేశారు. ఆ రోజునుంచీ కాసులమ్మ, మొగుడు సూరిబాబు, పిల్ల, ముగ్గురూ అరుగు మీదే పడక. గదిలో బీరువా, దాని తలుపు తెరుచుకునేంత జాగా, అంతే. నేను ఫారంలో 'పడకగది: ఉన్నది' అని దిద్దాను. పడక ఎక్కడున్నదో రాయడానికి గడి లేదు.

కథ అయిపోయిందనుకున్నాను. నలభై రెండో నిబంధన అడ్డం తగిలింది. బీరువా అరవై శాతం నిండి ఉండాలి. ఖాళీ బీరువా ఖాళీ మనసుకి గుర్తట. సత్యవేణి మూడు జతలూ పెడితే అడుగు అర ఒక మూలకి వచ్చాయి. పైగా తుది తనిఖీకి పుండరీకాక్షం గారు స్వయంగా గురువారం వస్తున్నారు. శనివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి పోటీలకి బస్సు.

"మీరేం బెంగెట్టుకోకండి. ఓ నాలుగు మూటలు ఇస్త్రీ బట్టలు మన దగ్గరే ఉన్నాయి కదండీ. గురువారం చూపించేసి శుక్రవారం ఎవరియ్యి వాళ్లకి ఇచ్చేత్తాను," అంది కాసులమ్మ. నేను విననట్టు ఈల తుడుచుకున్నాను.

గురువారం బీరువా చూడాలి! మడత మీద మడత, అంచు మీద అంచు. ఊళ్లో బ్యాంకు మేనేజరు చొక్కాలు, డాక్టరమ్మ చీరలు, ఎవరిదో తెల్లకోటు. కింద అరలో సత్యవేణి నిక్కరు, బూట్లు, పోటీల ప్రవేశ కార్డు. బూట్లు మేకుకి ఉంటే మార్కులు పోతాయేమోనని తనే తెచ్చి, లేసులు చుట్టి, బుద్ధిగా అక్కడ పెట్టింది. కార్డు పోకుండా బూటులో దోపింది.

పుండరీకాక్షం గారు చెక్కముక్క తీసి ఎడాలు కొలిచారు. ముక్క ప్రతి సందులోనూ సరిగ్గా ఇమిడింది. ఆయన ముఖం వెలిగిపోయింది. తర్వాత ఒక చొక్కా కాలరు తిప్పి చూశారు. లోపల నల్లసిరా చుక్కలు, ఒక గీత. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి కాసులమ్మ పెట్టుకునే గుర్తు అది.

"ఇదేమి?" అన్నారాయన.

"గుర్తండి. ఏదెక్కడిదో తెలియాలి కదండీ," అంది కాసులమ్మ, అబద్ధం ఆడకుండానే.

"సూచికా సంకేతం!" అని ఆయన నావైపు తిరిగారు. "చూచితిరా మేష్టారూ? ప్రతి వస్త్రానికి సంకేతం. విదేశాలలో సైతం నేనిది చూడలేదు. రాష్ట్రమంతటా ప్రవేశపెట్టవలసిన విధానం. రాసుకోండి."

రాసుకున్నాను. ఆయన మరో చొక్కా విప్పబోయి ఆగారు. "ఇవి బాలిక కొలతకు కొంచెం పెద్దవిగా తోచుచున్నవి."

"ఎదిగే పిల్ల కదండీ. ఓ సైజు పెద్దదే తీసుకుంటాం," అంది కాసులమ్మ.

ఆ మాటకి ఎదురు చెప్పే తెలుగువాడు పుట్టలేదు. ఆయన కూడా చిన్నప్పుడు జారిపోయే లాగూ పట్టుకుని తిరిగినవారే కదా, తలూపారు. తర్వాత మధ్య అరలో ఎర్రటి జరీ అంచు మీద చెయ్యి వేశారు. పట్టుబట్ట, కొత్త మడత, మూల రెండు చుక్కలూ ఒక సున్నా. "ఇది?"

కాసులమ్మ ఆ మడత అంచు సర్దింది. "రేపు ఓణీల ఫంక్షనుకి పనికొస్తదనండీ."

"ముందుచూపు!" అన్నారాయన గద్గదంగా. నూటికి నూరు వేశారు. పత్రం అక్కడికక్కడే సంతకం పెట్టి నా చేతికిచ్చారు. సత్యవేణి ఎగిరి గంతేసింది. నేను ఈల ఊదేద్దామనుకుని ఆపుకున్నాను. ఆపుకోవడమే మంచిదైంది. ఎందుకంటే ఆయన వెంటనే, "శనివారం పైనుంచి కమిటీ వచ్చుచున్నది. ఈ బీరువాను ఆదర్శ బీరువాగా వారికి చూపెదము. అందాకా ఎవరూ ముట్టరాదు," అంటూ తలుపు మూయించి, తాళం వేయించి, తాళం మీద గుడ్డ చుట్టి లక్క కరిగించి సీలు కొట్టించారు. తాళంచెవి జేబులో వేసుకున్నారు. సీలు కింద ఒక కాగితం అంటించారు. అధికారి కానివారు సీలు తీసినచో పత్రం రద్దగును. అధికారి తీసినచో అది తనిఖీగా పరిగణింపబడును.

"అయ్యా, నా బూట్లండీ!" అంది సత్యవేణి.

ఆయన జీపెక్కేశారు.

శుక్రవారమంతా నేను ఆఫీసు చుట్టూ తిరిగాను. "ఒక్క నిమిషమండీ. బూట్లూ, కార్డూ తీసుకుంటే చాలు," అని బతిమాలాను. ఆయన నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించారు. "మేష్టారూ, ఒక జత బూట్ల నిమిత్తం సీలు తీసినచో సీలు అనే వ్యవస్థ మీద ప్రజలకు నమ్మకం ఎట్లుండును? కావలసినచో దరఖాస్తు చేయండి. ఉపసంఘం పరిశీలించును."

"ఉపసంఘం ఎప్పుడు కూర్చుంటుందండీ?"

"వచ్చే నెల."

అక్కడ ఇస్త్రీ బండి దగ్గర ఊరంతా గోల. బ్యాంకు మేనేజరు మాసిన చొక్కాతో వచ్చి నిలబడ్డాడు. డాక్టరమ్మ మనిషిని పంపింది. "శనివారం ఇత్తానండీ, ఒంట్లో బాగోలేదండీ," అని కాసులమ్మ అందరికీ ఒకే అబద్ధం చెబుతోంది. సత్యవేణి అరుగు మీద కూర్చుని సీలు వంక చూస్తూ ఏడుస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. రాయి తీసి తాళం పగలగొడదామనుకున్నాను. పగలగొడితే పత్రం రద్దు, పిల్ల పరుగు రద్దు. చేతులు నలుపుకుంటూ ఇంటికొచ్చేశాను.

శనివారం ఎనిమిదిన్నరకి నేను మళ్లీ అక్కడికే వెళ్లాను. ఏదో చేస్తాననీ కాదు, కాళ్లు అటే లాగాయి. అప్పుడే పుండరీకాక్షం గారి బంట్రోతు సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. "కాసులమ్మక్కా, అయ్యగారి పట్టుపంచె! పదకొండింటికి సభండీ! బుధవారం ఇచ్చేను కదా ఇస్త్రీకి! రెండు చుక్కలూ సున్నా గుర్తు!"

కాసులమ్మ ఇస్త్రీపెట్టె కింద పెట్టి, నిమ్మళంగా బీరువా వైపు వేలు చూపించింది.

"అందులోనా?" అన్నాడు బంట్రోతు. వెంటనే సైకిలు వెనక్కి తిప్పాడు.

పావుగంటలో జీపు వచ్చింది. పుండరీకాక్షం గారు బనీను మీద తువ్వాలు కప్పుకుని, అతిథిగృహం దుప్పటి లుంగీలా చుట్టుకుని దిగారు. ఎవరితోనూ మాట్లాడలేదు. నేరుగా లోపలికెళ్లి, లక్క చిదిపి, జేబు లేదు గనక గుప్పిట్లో పట్టుకొచ్చిన తాళంచెవి తిప్పి, తలుపు లాగారు. ఎర్రంచు పంచె లాగేసరికి దొంతరంతా ఒరిగి తొమ్మిదంగుళాల మడతలన్నీ నేలపాలయ్యాయి. ఆయన మోచేతి కిందనుంచి సత్యవేణి ఉడతలా దూరింది. బూట్లు, నిక్కరు, కార్డు లాక్కుని వీధిలో పడింది. "మేష్టారండీ, బస్సు!" అని వీధి మలుపు నుంచి అరుపు.

నాకు అప్పుడు బుర్ర పనిచేసింది. తనిఖీ పుస్తకం తెరిచి గబగబా రెండు ముక్కలు రాసి, ఆయన జీపెక్కకుండా ముందుకు పెట్టాను. "సీలు తీసిన అధికారి సంతకమండీ. అక్కడ." ఆ పైన నేను రాసింది ఇదీ: 'సీలు తీసినవారు ప్రత్యేకాధికారి గారు. కారణం: తమ పట్టుపంచె నిమిత్తం. తనిఖీగా పరిగణింపబడినది.' అధికారులు చదివి సంతకం పెట్టడం ఇరవై రెండేళ్లలో నేను చూడలేదు. ఆయన కూడా చదవలేదు. పెట్టేశారు.

ఇక ఎవరూ రద్దు చెయ్యలేని పత్రం జేబులో పెట్టుకుని బస్టాండుకి పరిగెత్తాను. నేను పరిగెత్తి పదేళ్లయింది.

పోటీల్లో సత్యవేణి రెండోది వచ్చింది. మొదటిది ఎందుకు రాలేదని నన్నడక్కండి, రెండు రోజులు ఏడ్చిన పిల్ల రెండోది రావడమే గొప్ప. నా కళ్లు తడిసిపోయాయి, సిగ్గేం లేదు. ఇక్కడ సభ కూడా ఘనంగానే జరిగిందట. కాసులమ్మ పది నిమిషాల్లో బట్టలన్నీ మళ్లీ సర్దేసిందట. కమిటీ వచ్చి చూసి, బీరువాకి దండ వేసి, ఫొటో తీసుకుని, కాసులమ్మ బట్టలు వాళ్లవాళ్లకి పంచేలోగా మళ్లీ సీలు కొట్టించిందట. పేపర్లో ఫొటో పడింది. పుండరీకాక్షం గారు పట్టుపంచెలో బీరువా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. సత్యవేణి ఫొటో పడలేదు. బ్యాంకు మేనేజరు చొక్కాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. ఆయన రోజూ బండి దగ్గరకొచ్చి కాసులమ్మని తిట్టిపోతున్నాడు.

వారం తర్వాత నా పేరిట మెమో వచ్చింది. నాకు చెప్పకుండా ఆఫీసువాళ్లు చేసిన ఆకస్మిక తనిఖీలో తేలిన లోపం గురించి నేనే వెళ్లి సదరు బాలికకి తెలియజేయాలట. వెళ్లాను. తుపాను పట్టి వాన జోరుగా పడుతోంది. ఇస్త్రీ బండి మీద గోనె కప్పేశారు. ముగ్గురూ అరుగు మీద, మంచం గోడకి ఆనించి, చూరు కింద ముడుచుకుని కూర్చున్నారు. జల్లు మోకాళ్లదాకా కొడుతోంది. గదిలోకి పోదామంటే బీరువా పోగా మనిషి నిలబడేంత చోటే మిగిలింది. తెరిచిన గది తలుపులోంచి ఎదుటిగోడ కనిపిస్తోంది. మేకుకి సత్యవేణి పతకం వేలాడుతోంది.

నేను మెమో చదివి వినిపించాను. "సదరు బాలిక పతకము బీరువా వెలుపల, మేకునకు తగిలించబడి యున్నది. వస్తువు తన నిర్ణీత స్థానములో లేనందున రెండు మార్కులు తగ్గించడమైనది."

"సీలేసేసేరు కదండీ. లోపలెట్టాలంటే ఎలాగండీ?" అంది కాసులమ్మ.

"దానికి దరఖాస్తు పెట్టాలమ్మా. ఉపసంఘం ఉంది," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

సత్యవేణి తడిసిన జడ పిండుకుంటూ నావైపు చూసింది.

"రెండెందుకండీ, మొత్తం మార్కులన్నీ తీసేసుకోమనండి మేష్టారండీ," అంది. "ఆ బీరువా కూడా అట్టుకుపొమ్మనండి. అమ్మ లోపల పడుకోవాలి."